చావు దగ్గర నినాదాలు: చట్టం దేన్ని కొలవాలి?

2006 మార్చి 10న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, వెస్ట్‌మిన్‌స్టర్ అనే చిన్న ఊళ్లో ఒక కుర్రాడి అంత్యక్రియలు జరిగాయి. పేరు మాథ్యూ స్నైడర్, వయసు 20. మెరైన్ దళంలో లాన్స్ కార్పొరల్. వారం ముందు ఇరాక్‌లో వాహన ప్రమాదంలో చనిపోయాడు. క్యాథలిక్ చర్చిలో ప్రార్థన మొదలవడానికి అరగంట ముందు నుంచీ ఏడుగురు మనుషులు దాదాపు వెయ్యి అడుగుల దూరంలో, రోడ్డు పక్కన ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. కాన్సాస్ రాష్ట్రం టొపీకా నుంచి వచ్చిన వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి వాళ్లు. పాస్టర్ ఫ్రెడ్ ఫెల్ప్స్, ఇద్దరు కూతుళ్లు, నలుగురు మనవలు. ఒక ప్లకార్డు మీద "సైనికులు చచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు" అని ఉంది. ఇంకోదాని మీద "నువ్వు నరకానికే పోతావు" అని. అమెరికా స్వలింగ సంపర్కుల్ని సహిస్తోంది కాబట్టి దేవుడు ఆ దేశపు సైనికుల్ని చంపి శిక్షిస్తున్నాడని వాళ్ల వాదన. మాథ్యూ ఎవరో వాళ్లకు తెలియదు. అతని చావు పేపర్లో వచ్చింది, అంతే.

ఈ కేసు గురించి ఎప్పుడు చదివినా నాకు ముందు కోపమే వస్తుంది. కొడుకును పూడ్చిపెట్టే రోజున ఏ తండ్రికీ ఆ అక్షరాలు కనబడకూడదు. అయినా వాళ్లకు శిక్ష వేయకపోవడం సరైన తీర్పేనని నేను నమ్ముతున్నాను. అంత్యక్రియల దగ్గర నిరసనలకు ఇంత దూరం, ఇంత సమయం అని హద్దు పెట్టే చట్టం ఉండాలని కూడా అంతే గట్టిగా నమ్ముతున్నాను. మన దేశంలో ఈ విషయం మీద ఉన్న చట్టమైతే తప్పు చోట చెయ్యి పెట్టిందని నా అభిప్రాయం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు కేసు సంగతి. మాథ్యూ తండ్రి ఆల్బర్ట్ స్నైడర్ ఫెల్ప్స్ మీదా, చర్చి మీదా దావా వేశాడు. కావాలని తీవ్ర మానసిక వేదన కలిగించారన్నది ప్రధాన ఆరోపణ. 2007లో జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, ఆయన పక్షాన నిలిచి 1 కోటి 9 లక్షల డాలర్లు ఇవ్వాలంది. జడ్జి దాన్ని 50 లక్షలకు తగ్గించాడు. 2009లో అప్పీలు కోర్టు మొత్తం కొట్టేసింది. అంతటితో ఆగలేదు, ఎదుటివాళ్ల కోర్టు ఖర్చులు 16 వేల డాలర్లకు పైగా ఆ తండ్రే కట్టాలని ఆదేశం వచ్చింది. అమెరికాలో చాలామందికి రక్తం మరిగింది అక్కడే. 2011 మార్చి 2న సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పింది. తొమ్మిది మందిలో ఎనిమిది మంది చర్చి వైపు, జస్టిస్ శామ్యూల్ అలిటో ఒక్కడు తండ్రి వైపు.

చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పులో వాళ్ల మాటలకు ఎక్కడా మెప్పు లేదు. మాటకు శక్తి ఉంది, అది ఇక్కడ తీవ్రమైన బాధ పెట్టింది, అయినా ఆ బాధకు బదులుగా మాట్లాడినవాణ్ణి శిక్షించలేం అన్నాడు. వాళ్లు నిలబడింది పబ్లిక్ స్థలం. ముందుగానే పోలీసులకు చెప్పారు, పోలీసులు చూపించిన చోటే నిలబడ్డారు. అరవలేదు, చర్చి ఆవరణలో అడుగు పెట్టలేదు, ఎవరి దారికీ అడ్డం రాలేదు. కారులో వెళ్తున్నప్పుడు ఆ తండ్రికి కనబడినవి ప్లకార్డుల పైఅంచులు మాత్రమే. వాటి మీద ఏం రాసుందో ఆయన ఆ రాత్రి టీవీ వార్తల్లో చూశాడు.

నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఆ చివరి సంగతే. అంత్యక్రియలు ఆగలేదు, చెదరలేదు. ఆయనను గాయపరిచినది ఆ రాతలోని అర్థం. అర్థానికి జరిమానా వేయాలంటే "ఇది దారుణమా, కాదా" అని పన్నెండు మందిని కూర్చోబెట్టి అడగాలి. వాళ్ల జవాబు వాళ్ల ఊరిని బట్టి, కాలాన్ని బట్టి ఉంటుంది. 1960ల్లో అలబామా జ్యూరీ ఏం చేసిందో చూడండి. మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమానికి మద్దతుగా న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ప్రకటనలో చిన్న చిన్న తప్పులు దొర్లాయని మాంట్‌గొమరీ పోలీసు వ్యవహారాలు చూసే కమిషనర్ సలివన్‌కు 5 లక్షల డాలర్లు ఇప్పించింది. 1964లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయకపోతే దక్షిణాది రాష్ట్రాల్లో జరుగుతున్నది రాయడానికే పత్రికలు భయపడేవి. ఫెల్ప్స్‌ను శిక్షించడానికి ఇచ్చిన అధికారాన్ని అలాంటి జ్యూరీ వాడుకోదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అలిటో అసమ్మతిని కూడా నేను తేలిగ్గా తీసుకోను. దేశమంతా రోడ్లున్నాయి, పార్కులున్నాయి, టీవీ, రేడియో ఉన్నాయి. ఇవన్నీ వదిలేసి ఒక ప్రైవేటు కుటుంబం జీవితంలోకెల్లా బలహీనంగా ఉన్న గంటను ఎంచుకుని దెబ్బ కొట్టారు, ఎందుకంటే అక్కడైతేనే కెమెరాలు వస్తాయి. స్వేచ్ఛగా చర్చించుకోవడమంటే ఇలాంటి క్రూరమైన మాటల దాడికి లైసెన్స్ ఇవ్వడం కాదన్నాడాయన. కెమెరాల గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2006 అక్టోబరులో పెన్సిల్వేనియాలో ఆమిష్ అనే సంప్రదాయ క్రైస్తవ సమాజం వాళ్ల బడిలో కాల్పులు జరిగి చిన్న ఆడపిల్లలు చనిపోయినప్పుడు కూడా ఈ చర్చి వాళ్లు అంత్యక్రియలకు వస్తామన్నారు. ఒక రేడియో షోలో మాట్లాడడానికి గంట సమయం ఇస్తే మానేశారు.

ఇంకో విషయం ఉంది, అందులో నేను అలిటో వైపే మొగ్గుతాను. అంత్యక్రియలయ్యాక ఆ చర్చి తన వెబ్‌సైట్‌లో మాథ్యూ పేరు పెట్టి ఒక పెద్ద రాత పెట్టింది. అందులో అతని తల్లిదండ్రుల పెంపకాన్ని దూషించింది, కొడుకును సైతాను కోసం పెంచారంది. ఆ తండ్రి దాన్ని ఇంటర్నెట్‌లో చూసి చదివాడు. సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌లో దాని ప్రస్తావన లేదని కోర్టు ఆ రాతను లెక్కలోకి తీసుకోలేదు. రోడ్డు పక్కన "అమెరికా నాశనమవుతుంది" అని ప్లకార్డు పట్టుకోవడం దేశం గురించి మాట్లాడడం. ఊరూ పేరూ లేని ఒక జంటను ఎంచుకుని, వాళ్ల పేర్లతో బురద చల్లడం వేరే సంగతి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకూడదని నాకనిపిస్తుంది.

మనకు ఇదంతా దూరపు గొడవలా ఉండొచ్చు గానీ చావు దగ్గర గొంతెత్తడం మన పల్లెలకు కొత్త కాదు. మా అమ్మమ్మగారి ఊరు గుంటూరు జిల్లాలో. నా చిన్నప్పుడు అక్కడ మా బంధువుల్లో ఒక పెద్ద రైతు పోయాడు. వాకిట్లో పాడె కడుతున్నారు. అంతలో ఒకామె వచ్చి గేటుకు అడ్డంగా కూర్చుంది. తన భర్త ఆయన దగ్గర పాలేరుగా చేసిన ఏడాది జీతం బాకీ ఉందని, అది తేల్చేదాకా పాడె లేవనివ్వనని అంది. ఇంట్లో ఆడవాళ్లు ఏడుపు ఆపి ఆమెను తిట్టారు. ఇద్దరు కుర్రాళ్లు రెక్క పట్టుకుని లాగబోయారు. మా పెద్దమామయ్య వాళ్లను ఆపి, "పెద్దకర్మ అయ్యాక రామ్మా, కూర్చుని మాట్లాడదాం" అన్నాడు. "అప్పుడు ఊరంతా ఉంటదా అయ్యా?" అని అడిగింది ఆమె. ఎవరూ జవాబు చెప్పలేదు. కాసేపటికి తనే లేచి రోడ్డవతల నిలబడింది. పాడె కదిలి వెళ్తున్నంతసేపూ, నెల నెలా ఎంత రావాలో అందరికీ వినబడేలా చెబుతూనే ఉంది. ఆమె నోరు ఎవరూ మూయించలేదు. పెద్దకర్మ రోజున సగం ఇచ్చారు. మిగతా సగం ఇవ్వలేదు.

ఆమెనూ ఫెల్ప్స్‌నూ ఒకటి చేసి చూడను. ఆమె అడిగింది న్యాయమైన డబ్బు, ఆయన చల్లింది విషం. కానీ ఇద్దరూ చావునే ఎందుకు ఎంచుకున్నారో చూస్తే కారణం ఒకటే కనబడుతుంది. ఊరంతా ఉండేది అప్పుడే. మామూలు రోజున ఆమె మాట గేటు దాటి లోపలికి పోదు. ఇప్పుడు "దుఃఖంలో ఉన్న కుటుంబం మనసు నొప్పించేలా మాట్లాడితే శిక్ష" అని ఒక చట్టం ఉందనుకోండి. ముందు పట్టుకుపోయేది ఆమెనే. ఆ రోజు ఆ ఇంట్లోవాళ్లను ఆమె మాటలకన్నా ఎక్కువగా నొప్పించింది ఏదీ లేదు. అదే "అంత్యక్రియలు జరిగే చోటికి ఇంత దూరంలో, ఇంతసేపు ఎవరూ ధర్నా చేయకూడదు, దారి ఆపకూడదు" అనే చట్టమైతే ఆమె గేటు వదిలి రోడ్డవతల నిలబడాలి. నిలబడి చెప్పొచ్చు. ఆమెకు ఈ రెండో చట్టం కింద చోటు దొరుకుతుంది, మొదటిదాని కింద దొరకదు.

అమెరికాలో చట్టాలు దాదాపుగా ఈ రెండో దారిలోనే వెళ్లాయి. 2011 తీర్పు వచ్చేనాటికి 44 రాష్ట్రాల్లో, కేంద్రంలో అంత్యక్రియల నిరసనలపై చట్టాలున్నాయి. 2006లో బుష్ సంతకం చేసిన కేంద్ర చట్టం జాతీయ శ్మశానవాటికల దగ్గర అంత్యక్రియలకు గంట ముందు నుంచి, అయిపోయాక గంట వరకు నిరసనలను నిషేధించింది. 2012లో ఒబామా కాలంలో అది రెండేసి గంటలు అయింది, దూరం 300 అడుగులకు పెరిగింది. దారికి అడ్డం పడే సందర్భంలో 500 అడుగులు. 2008లో ఒహాయో రాష్ట్రపు 300 అడుగులు, గంట ముందు, గంట తర్వాత అనే హద్దును అప్పీలు కోర్టు సమర్థించింది. 2012లో మిస్సోరిలోని మాంచెస్టర్ అనే పట్టణం పెట్టిన అలాంటి నియమమే ఇంకో అప్పీలు కోర్టులో నిలబడింది. ప్లకార్డు మీద ఏముందో ఈ చట్టాలకు అనవసరం. "దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు" అని పట్టుకుని నిరసనకు వచ్చినా అదే దూరంలో ఆగాలి.

అన్నిటినీ కోర్టులు ఒప్పుకోలేదు. శవపేటిక వెళ్లే కారు వెంట కదులుతూ పోయే నిషేధాన్ని కూడా ఒహాయో పెట్టింది. దాన్ని అక్కడి కింది కోర్టే కొట్టేసింది. ఏ రోడ్డులో ఎప్పుడు శవయాత్ర వస్తుందో నిరసనకారుడికి ముందే ఎలా తెలుస్తుంది? తెలియని గీత దాటినందుకు ఎవరినైనా ఎలా అరెస్టు చేస్తారు? ఈ తేడాలే నాకు నమ్మకం కలిగిస్తాయి. గీత ముందే కనబడాలి, ఆగినవాడు ఆగినట్టు రుజువు చేసుకోగలగాలి.

దూరం పెరుగుతున్న కొద్దీ మాత్రం నాకు టెన్షన్ మొదలవుతుంది. నెబ్రాస్కా 500 అడుగులు పెట్టింది, 2017లో అప్పీలు కోర్టు సరేనంది. చర్చి చుట్టూ గుండ్రంగా గీసుకుంటే 300 నుంచి 500 అడుగులకు వెళ్లడమంటే నిషేధ ప్రాంతం దాదాపు మూడు రెట్లవడం. పల్లెలో పొలాల మధ్య ఉన్న శ్మశానం దగ్గర ఇది పెద్ద తేడా కాదు. పట్నంలో అయితే అందులో వేరే ఆఫీసులు, వేరే గుడులు, మనుషుల సొంత వాకిళ్లు కూడా పడతాయి. నన్నడిగితే 300 అడుగుల దగ్గరే ఆగాలి. అంటే సుమారు 90 మీటర్లు. అక్కడి నుంచి మైకు లేకుండా ఎంత అరిచినా ప్రార్థన చెదరదు, ఊరికేమో నిరసన కనబడుతుంది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. 2006లో స్నైడర్ అంత్యక్రియల తర్వాత మేరీలాండ్ తెచ్చిన చట్టంలో హద్దు 100 అడుగులు. ఆ చట్టం ముందే ఉన్నా వెస్ట్‌బరో వాళ్లు దాన్ని దాటి ఉండేవాళ్లు కాదని సుప్రీంకోర్టే తీర్పులో రాసింది. నేను చెబుతున్న 300 అడుగులు ఉన్నా అంతే, వాళ్లు వెయ్యి అడుగుల దూరంలో నిలబడ్డారు. కాబట్టి నా చట్టం ఆల్బర్ట్ స్నైడర్‌కు ఆ రాత్రి టీవీ ముందు కలిగిన బాధను తప్పించలేదు. ఇది ఒప్పుకోకుండా ఎవరైనా దూరాల చట్టాన్ని సమర్థిస్తే ఆ తండ్రి ముందు అబద్ధమాడినట్టే. అంత్యక్రియను చట్టం కాపాడగలదు. తర్వాత వినబడే మాట నుంచి కాపాడలేదు, కాపాడబోతే పాలేరు భార్యలాంటివాళ్ల గొంతు నొక్కాల్సి వస్తుంది.

చట్టం చేరలేని చోట మనుషులు చేరారు. వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని స్వలింగ సంపర్కుడని 1998లో కొట్టి చంపితే, ఫెల్ప్స్ మనుషులు అతని అంత్యక్రియలకూ వెళ్లారు. మరుసటి ఏడాది హంతకుల విచారణ దగ్గరికి మళ్లీ వచ్చారు. ఈసారి మాథ్యూ స్నేహితులు తెల్లటి దుస్తులు, పెద్ద పెద్ద దేవదూత రెక్కలు కట్టుకుని వాళ్ల ముందు వరసగా నిలబడ్డారు. ఆ రెక్కల వెనక ప్లకార్డులు కనబడలేదు. 2005లో కాన్సాస్‌లోనే మాజీ సైనికులు మోటార్‌సైకిళ్ల మీద జెండాలు కట్టుకుని అంత్యక్రియలకు కాపలాగా వెళ్లడం మొదలుపెట్టారు. పేట్రియాట్ గార్డ్ రైడర్స్ అన్న పేరుతో అది దేశమంతా పాకింది. చనిపోయినవాళ్ల కుటుంబం పిలిస్తేనే వెళ్తారు. 2011 జనవరిలో అరిజోనాలోని టూసాన్‌లో కాల్పుల్లో తొమ్మిదేళ్ల పాప చనిపోతే, రాష్ట్ర శాసనసభ మూడు రోజుల్లోనే 300 అడుగుల చట్టం పాస్ చేసింది. ఊరివాళ్లు చట్టం చాలుతుందనుకోలేదు, దేవదూత రెక్కలు కుట్టుకుని సిద్ధమయ్యారు. నాకు ఎప్పటికీ నచ్చేది ఈ పని. ఎవరి నోరూ నొక్కలేదు, కుటుంబానికి చూడాల్సిన అవసరమూ రానివ్వలేదు.

ఫెల్ప్స్ మనవరాలు మేగన్ ఐదేళ్ల వయసు నుంచే ప్లకార్డు పట్టుకుంది. ట్విట్టర్‌లో తనతో ఓపిగ్గా వాదించిన అపరిచితుల వల్ల తన నమ్మకాల్లో సందేహాలు పుట్టాయని, 2012లో చర్చి వదిలేశానని ఆమే చెప్పింది. జ్యూరీ వేసిన కోటి డాలర్లు ఆమెను మార్చి ఉండేవని నేననుకోను.

మన దేశానికి వస్తే, భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షన్ ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 297వ సెక్షనే కొత్త నంబరుతో వచ్చింది. మనోభావాలు గాయపరిచే ఉద్దేశంతోనో, గాయపడతాయని తెలిసో శ్మశానంలోకి చొరబడినా, శవాన్ని అవమానించినా, అంత్యక్రియలకు చేరినవాళ్లకు ఆటంకం కలిగించినా ఏడాది దాకా జైలు. ఆటంకం అనే మాట మంచిదే. మిగతాదంతా మనోభావం మీద ఆధారపడింది. ఎంత దూరం, ఎంతసేపు, ఏ శబ్దం అన్నది ఎక్కడా లేదు. ఎవరి మనోభావం బరువైనదో తేల్చేది ఆ రోజు స్టేషన్లో ఉన్న అధికారి.

నిజమైన ఆటంకం ఎలా ఉంటుందో 2020 ఏప్రిల్‌లో చూశాం. నెల్లూరుకు చెందిన ఒక డాక్టర్ కరోనాతో చెన్నైలో చనిపోతే, ఆయన దహనాన్ని స్థానికులు అడ్డుకున్నారు. అదే నెలలో అదే నగరంలో ఇంకో డాక్టర్ శవాన్ని తీసుకెళ్తున్న అంబులెన్స్ మీద దాడి చేశారు. గౌరవంగా సాగనంపడం జీవించే హక్కులో భాగమని మద్రాసు హైకోర్టు గుర్తుచేసింది, తమిళనాడు ప్రభుత్వం అలా అడ్డుకుంటే మూడేళ్ల దాకా జైలని ఆర్డినెన్స్ తెచ్చింది. రాళ్లు వేయడం, దారి మూయడం భావప్రకటన కిందికి రావు. అక్కడ పోలీసులు గట్టిగా ఉండాల్సిందే.

కానీ "మృతుల గౌరవం" అన్న మాటతోనే 2023లో రాజస్థాన్ చేసిన చట్టం చూడండి. శవంతో నిరసన చేయడానికి ఒప్పుకున్న కుటుంబసభ్యుడికి రెండేళ్ల దాకా, బయటివాళ్లకు ఐదేళ్ల దాకా జైలు. మన తెలుగు రాష్ట్రాల్లో ఆస్పత్రి ముందు, ఫ్యాక్టరీ గేటు ముందు శవాన్ని పెట్టుకుని కూర్చునేవాళ్లు ఎవరో అందరికీ తెలుసు. ఆ పూట దాటితే కలెక్టరూ రాడు, యాజమాన్యమూ మాట్లాడదని తెలిసినవాళ్లు. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చిత్రవధ చేసి చంపినప్పుడు, వాళ్లమ్మ మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తీసే ఉంచింది. నా కొడుకును ఏం చేశారో లోకం చూడాలంది. పౌరహక్కుల ఉద్యమానికి ఊపిరి పోసిన ఘట్టాల్లో అదొకటి. రాజస్థాన్ చట్టం మాటల్లో చెప్పాలంటే ఒక కుటుంబసభ్యురాలు శవాన్ని నిరసనకు వాడుకుంది.

అమెరికా కేంద్ర చట్టంలో ఈ ప్రమాదానికి ఒక జాగ్రత్త ఉంది. ప్రసంగాలు, మైకులు, బ్యానర్లు, జెండాలు అన్నిటినీ నిరసన కింద లెక్కేసి, అవి ఆ అంత్యక్రియలోనే భాగమైతే మాత్రం వర్తించదని రాశారు. చనిపోయినవాళ్ల సొంతవాళ్లు ఏ నినాదం ఇచ్చినా, ఏ పాట పాడినా అది వాళ్ల అంత్యక్రియే. మన 301వ సెక్షన్‌ను మార్చే రోజు వస్తే నేను అడిగేది ఇదే: మనోభావాల మాట తీసేసి 300 అడుగులు, గంట ముందు, గంట తర్వాత, దారి ఆపకూడదు, మైకు కూడదు అని రాయండి. ఆ కింద ఇంకో వాక్యం చేర్చండి. ఇవేవీ చనిపోయినవాళ్ల కుటుంబానికీ, ఆ కుటుంబం పిలిస్తే వచ్చినవాళ్లకీ వర్తించవు.